స్మార్ట్ వాచ్ స్క్రీన్ ఉన్నట్టుండి పగిలిందా? సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తేముందు ఇది చదవండి

పోయిన మే నెల, రోహిణి కార్తె ఎండలు. రాత్రి పదిన్నరకి వాచ్ తీసి టేబుల్ మీద ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను. పొద్దున చేతికి పెట్టుకోబోతే కుడివైపు కింది మూల నుంచి పైకి వెంట్రుకంత సన్నటి పగులు. కింద పడలేదు, ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. 12,000 రూపాయలు పెట్టి కొని ఎనిమిది నెలలే అయింది, ఏడాది వారంటీ ఉంది, ఇంకేం భయం అనుకుని బిల్లు పట్టుకుని నేరుగా సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. కౌంటర్‌లో అబ్బాయి వాచ్‌ని రెండుసార్లు అటూ ఇటూ తిప్పి, "ఫిజికల్ డ్యామేజ్ సార్, వారంటీ రాదు, స్క్రీన్ మార్చాలంటే ఏడు వేలు అవుద్ది" అన్నాడు. ఒక్క నిమిషం కూడా చూడలేదు. జాబ్ షీట్ (వాచ్ తీసుకున్నట్టు సెంటర్ వాళ్ళు రాసే కాగితం) మీద కూడా అదే మాట రాసి నా ముందు పెట్టాడు, నేను చదవకుండా సంతకం పెట్టేశాను.

ఆ సంతకం వల్ల 41 రోజులు తిరిగాను. చివరికి వేరే వాచ్ ఇచ్చారు. తర్వాత కావలిలో ఉండే మా బావమరిది వాచ్‌కి ఇలాగే అయితే, ఈసారి చేతిలోంచి వాచ్ వదలకముందే చేయాల్సినవన్నీ దగ్గరుండి చేయించాను. తొమ్మిది రోజుల్లో తేలిపోయింది. రెండింటికీ తేడా ఒక్కటే: మనం ముందు రాశామా, వాళ్ళు ముందు రాశారా. స్క్రీన్ క్లెయిమ్ మొత్తం ఆ "ఫిజికల్ డ్యామేజ్" అనే రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, ఆ మాట కాగితం మీద పడకముందే మన మాట, మన ఫొటోలు రికార్డులో ఉండాలి.

అసలు ముట్టుకోకుండా ఎలా పగులుతుంది

ఇది తెలిస్తేనే కౌంటర్‌లో ధైర్యంగా మాట్లాడగలం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

వాచ్ మీద ఉండేది గట్టిపరిచిన గాజు. దాని పైపొర ఎప్పుడూ లోపలికి బిగబట్టుకుని ఉంటుంది, మధ్య భాగం దాన్ని బయటికి లాగుతూ ఉంటుంది. ఈ రెండు బలాలూ సరితూగినంత కాలం గాజు చాలా గట్టిది. కానీ అంచు దగ్గర కంటికి కనపడనంత చిన్న పెచ్చు లేచినా, గీత లోతుగా పడినా ఆ లెక్క తప్పుతుంది. అది ఆ క్షణంలోనే పగలాలని లేదు. గాలిలోని తేమ ఆ గీత కొనలోకి చేరి గాజు బంధాలను మెల్లగా తెంపుతుంటుంది, గీత రోజుకింత పెరుగుతుంది, ఏదో ఒక రోజు టేబుల్ మీద ఉండగానే టక్కుమని చీలుతుంది. మన నెల్లూరు, ప్రకాశం సముద్రం పక్క జిల్లాలు, తేమకి కొదవ లేదు. కాబట్టి "నిన్న నేనేం చేయలేదు" అన్నది నిజమే అయినా, మూడు వారాల కిందట బస్సు రాడ్‌కి తగిలిన దెబ్బ ఇప్పుడు బయటపడి ఉండొచ్చు. మనకి మనం ముందు నిజాయితీగా గుర్తు తెచ్చుకోవాలి.

ఇసుక ఇంకో శత్రువు. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్ 7, మామూలు వాచ్ గాజు 6కి అటూ ఇటూ, సఫైర్ గాజు 9. అంటే మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో తడి ఇసుక అంటిన వాచ్‌ని లుంగీతోనో చొక్కాతోనో గట్టిగా తుడిచామంటే గాజు మీద గీతలు మనమే గీసినట్టు. చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో, కటింగ్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకి రాతిపొడితో ఇదే సమస్య రోజూ ఉంటుంది.

ఎండ సంగతి. యాపిల్ తన వాచ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. నెల్లూరులో, ఒంగోలులో మే నెలలో 40 దాటడం మామూలే, ఎండలో పెట్టిన కారు లోపల ఇంకా ఎక్కువ. గాజు, కింద ఫ్రేమ్ లోహం, మధ్యలో జిగురు మూడూ ఒకే లెక్కన వ్యాకోచించవు. ఫ్యాక్టరీలో గాజును కాస్త బిగుతుగా కూర్చోబెట్టి ఉంటే ఆ ఒత్తిడి అంచు మీద పడుతుంది. ఇది మన తప్పు కాదు, తయారీలో లోపం.

అన్నిటికంటే సీరియస్‌గా తీసుకోవాల్సింది బ్యాటరీ ఉబ్బడం. లోపల ఉండేది పలచటి పౌచ్‌లాంటి లిథియం బ్యాటరీ. అది పాడైతే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది, పైన స్క్రీన్ తప్ప దానికి పోవడానికి దారి లేదు, కింది నుంచి నెడుతుంది. జిగురు ఊడి స్క్రీన్ పైకి లేవొచ్చు, లేదా గాజు పగలొచ్చు.

ఇలాంటివి కంపెనీలు ఒప్పుకున్న సందర్భాలు ఉన్నాయి. 2019 ఆగస్టులో యాపిల్ తన సిరీస్ 2, సిరీస్ 3 అల్యూమినియం వాచ్‌లలో చాలా అరుదుగా స్క్రీన్ గుండ్రటి అంచు వెంబడి పగులు రావొచ్చని తానే ప్రకటించి ఉచితంగా స్క్రీన్ మార్చే కార్యక్రమం పెట్టింది. పగులు ఒక పక్కన మొదలై స్క్రీన్ చుట్టూ పాకొచ్చు అని కూడా చెప్పింది. ఎవరైనా "వాచ్ గాజు ఊరికే పగలదు సార్" అంటే ఈ సంగతి చెప్పండి. మీ వాచ్ మోడల్‌కి ఇలాంటి ప్రత్యేక సర్వీస్ కార్యక్రమం ఏదైనా ఉందేమో కంపెనీ వెబ్‌సైట్‌లో ముందే వెతకండి, ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

మొదటి పని: పగిలింది ఏదో చూడండి

స్క్రీన్ గార్డు వేయించి ఉంటే ముందు దాన్నే అనుమానించండి. చాలాసార్లు పగిలేది గార్డే, లోపల స్క్రీన్ శుభ్రంగా ఉంటుంది. గోరుతో గీత మీద అడ్డంగా మెల్లగా రాయండి, పగులు గార్డు అంచు దగ్గరే ఆగిపోతే అది గార్డుదే. కానీ ఇప్పుడే పీకొద్దు, ఫొటోలు తీశాక పీకుదురుగాని.

స్క్రీనే పగిలి ఉంటే ఫోన్ టార్చ్ వేసి, వెలుగు పక్క నుంచి పడేట్టు పట్టుకుని చూడండి. ఒక చుక్క దగ్గర గాజు తెల్లగా పొడి అయి, అక్కడి నుంచి సాలెగూడులా గీతలు నలుదిక్కులా వెళ్ళాయంటే అది దెబ్బే, టెక్నీషియన్ చూడగానే చెప్పేస్తాడు, వాదించి లాభం లేదు. అంచు దగ్గర మొదలై ఒకే గీతగా సాగిందా, ఎక్కడా పొడి కాలేదా, ఫ్రేమ్ మీద చొట్ట గానీ గీరుడు గానీ లేదా, అప్పుడు మీ మాటకి బలం ఉంది. పై గాజు బాగానే ఉండి లోపల నల్ల మచ్చో రంగు గీతలో వస్తే అది డిస్‌ప్లే సమస్య, కంప్లైంట్‌లో ఆ మాటే రాయాలి, "పగిలింది" అని రాయకూడదు.

తర్వాత వాచ్‌ని చదునైన బల్ల మీద పెట్టి, కన్ను బల్ల ఎత్తుకి దించి పక్క నుంచి చూడండి. స్క్రీన్ ఒక వైపు లేచినట్టు ఉందా? పలచటి కాగితం ముక్క బలం లేకుండానే సందులోకి దూరుతోందా? అయితే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. వెంటనే ఛార్జింగ్ తీసేయండి, స్విచ్ ఆఫ్ చేయండి, స్క్రీన్‌ని లోపలికి నొక్కొద్దు, గుచ్చొద్దు, చేతికి పెట్టుకోవద్దు, పిల్లలకి అందకుండా మంటకి దూరంగా ఉంచండి. ఉబ్బిన లిథియం బ్యాటరీని విమానంలో పంపడం నిషేధం, కాబట్టి మామూలుగా డబ్బాలో పెట్టి కొరియర్‌కి ఇచ్చేయొద్దు. ఉబ్బిందన్న సంగతి కంపెనీకి చెప్పి ఎలా పంపాలో వాళ్ళనే అడగండి. ఆ మాట చెప్పగానే కంప్లైంట్‌ని వాళ్ళు చూసే తీరు కూడా మారుతుంది, ఎందుకంటే అది భద్రత సమస్య.

మొదటి గంటలో సాక్ష్యం

వాచ్ మీద టేపు వేయకముందు, తుడవకముందు, గార్డు తీయకముందు ఫొటోలు. పగులు దగ్గరగా రెండు మూడు, నిలువు వెలుగులో ఒకటి, పక్క వెలుగులో ఒకటి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. నా అనుభవంలో పగులు ఫొటో కంటే పగలని చోట్ల ఫొటోలే గెలిపిస్తాయి: నాలుగు మూలలు, ఫ్రేమ్ చుట్టూ, వెనక భాగం, బటన్, బెల్టు తగిలించే కొక్కేలు. చొట్ట లేని శుభ్రమైన ఫ్రేమే "ఇది కింద పడలేదు" అని చెప్పే సాక్షి. మా బావమరిది విషయంలో కంపెనీ నుంచి మొదట కాదనే సమాధానమే వచ్చింది, ఫ్రేమ్ ఫొటోలు ఎనిమిది పంపాకే ఇంకోసారి పరిశీలిస్తామన్నారు.

ఒక వీడియో కూడా తీయండి, మధ్యలో ఆపకుండా, వాచ్‌ని నెమ్మదిగా చుట్టూ తిప్పుతూ, వెనక సీరియల్ నెంబర్ చదవగలిగేట్టు. ఒరిజినల్ ఫైళ్ళు ఫోన్‌లోనే ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత తగ్గుతుంది, ఎప్పుడు తీశామన్న వివరం పోతుంది, అందుకని కంపెనీకి ఈమెయిల్‌లోనే జత చేయండి.

ఫొటోలు అయ్యాక గాజు పెళ్ళలు రాలకుండా పైన పారదర్శక టేపు అంటించండి. ఇక ఆ వాచ్‌ని తడపకూడదు. పగులు వచ్చాక వాటర్ ప్రూఫ్ అన్నది లేనట్టే, లోపల తడి చేరిందంటే వారంటీ కాదనడానికి ఇంకో కారణం మనమే ఇచ్చినట్టు అవుతుంది.

బిల్లు

దుకాణంలో కొంటే జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నెంబర్ ఉందో లేదో చూడండి, లేకపోతే వెళ్ళి రాయించుకోండి. ట్రంక్ రోడ్డు షాపుల్లో చాలామంది తెల్ల కాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చి పంపేస్తారు, అది కంపెనీ దగ్గర చెల్లదు. ఆన్‌లైన్‌లో కొంటే ఆర్డర్ పేజీలో ఇన్వాయిస్ డౌన్‌లోడ్ చేసుకోండి. కొని వారం పది రోజులే అయితే కంపెనీకి వెళ్ళకముందు అమ్మిన వెబ్‌సైట్‌లో రీప్లేస్‌మెంట్ గడువు ఉందేమో చూడండి, అది చాలా తేలిక.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు పంపిన వాచ్ అయితే సంగతి వేరు. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. ఆ దేశం బిల్లు తెప్పించుకుని, ఇండియాలో సర్వీస్ ఇస్తారా అని రాతపూర్వకంగా అడిగాకే బయల్దేరండి.

కంప్లైంట్ రాయడం

ఫోన్‌లో చెప్పింది గాలిలో పోతుంది. ఈమెయిల్‌లో గానీ కంపెనీ యాప్‌లో గానీ రాయండి, టికెట్ నెంబర్ తీసుకోండి. కోపం వద్దు, "మోసం" లాంటి మాటలు వద్దు, జరిగింది జరిగినట్టు. నేను మా బావమరిదికి రాసిచ్చింది దాదాపు ఇలా ఉంది:

"ఫలానా తేదీ రాత్రి 10 గంటలకు వాచ్ తీసి, కంపెనీ ఛార్జర్‌తో బల్ల మీద ఛార్జింగ్ పెట్టాను. అప్పటికి స్క్రీన్ మీద పగులు లేదు. మర్నాడు ఉదయం 6 గంటలకు ఎడమ అంచు నుంచి ఒక గీత కనిపించింది. వాచ్ కింద పడలేదు, దేనికీ తగల్లేదు. ఫ్రేమ్ మీద, మూలల్లో ఎలాంటి దెబ్బ గుర్తులు లేవు, ఫొటోలు జతచేశాను. సీరియల్ నెంబర్ ఇది, కొన్న తేదీ ఇది. తయారీ లోపంగా పరిశీలించి వారంటీ కింద స్క్రీన్ గానీ వాచ్ గానీ మార్చవలసిందిగా కోరుతున్నాను. ఒకవేళ కాదంటే కారణాన్ని, పరిశీలన నివేదికను, లోపలి ఫొటోలను రాతపూర్వకంగా పంపండి."

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. ఊరికే కాదనడం సులభం, కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వడం కష్టం.

నిజంగా కింద పడి పగిలితే మాత్రం ఇది రాయొద్దు. ఒక్క చొట్ట కనపడితే తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. అలాంటప్పుడు యాపిల్ కేర్ ప్లస్, శామ్‌సంగ్ కేర్ ప్లస్ లాంటి ప్రమాద నష్టం ప్లాను కొని ఉన్నారేమో చూసుకోండి, వాటిలో కొంత రుసుము కడితే బాగుచేస్తారు. మామూలు వారంటీలో అది రాదు.

ఇంకో జాగ్రత్త. కస్టమర్ కేర్ నెంబర్ కోసం గూగుల్‌లో వెతికి ముందు కనిపించిన దానికి ఫోన్ చేయొద్దు. దొంగ నెంబర్లు చాలా ఉన్నాయి. వాచ్ డబ్బా మీద, యాప్ లోపల, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నెంబరే వాడండి. "10 రూపాయలు కట్టి రిజిస్టర్ చేసుకోండి" అని లింకు పంపినా, ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

వాచ్ ఇచ్చేముందు, ఇచ్చేటప్పుడు

వాచ్‌ని ఫోన్‌తో ఒకసారి సింక్ చేసి, జత విడదీసి, రీసెట్ చేయండి. యాపిల్ వాచ్ అయితే ఫోన్ నుంచి అన్‌పెయిర్ చేస్తే బ్యాకప్ దానంతటదే అవుతుంది, యాక్టివేషన్ లాక్ (వాచ్‌ని మీ ఖాతాకి కట్టేసే తాళం) కూడా తొలగిపోతుంది, అది తీయకపోతే సర్వీస్‌లో ఆగిపోతుంది. బెల్టు, ఛార్జర్ అడిగితే తప్ప ఇవ్వొద్దు.

మన దగ్గర అన్ని కంపెనీలకీ సెంటర్లు లేవు. నెల్లూరు వాళ్ళు చెన్నైకి, ఒంగోలు వాళ్ళు విజయవాడకి పోవాల్సి రావొచ్చు. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోయిరావడం తేలికే, కానీ ముందు అడగాల్సింది ఇంటి దగ్గరికి వచ్చి తీసుకెళ్తారా అని. చాలా ఇండియన్ బ్రాండ్లు అలా తీసుకెళ్తాయి. అప్పుడు ప్యాక్ చేసేదంతా వీడియో తీయండి, లేకపోతే దారిలో ఇంకో పగులు వస్తే అదీ మన మీదే పడుద్ది.

సెంటర్‌కే వెళ్తే, ఇక్కడ తొందరపడొద్దు. జాబ్ షీట్‌లో పరిస్థితి అనే గడిలో ఏం రాశారో చదవండి. "ఫిజికల్ డ్యామేజ్" అని ఉంటే, "మీరు ఇంకా విప్పి చూడలేదు కదన్నా, స్క్రీన్‌పై పగులు ఉంది అని మాత్రం రాయండి, కస్టమర్ కింద పడలేదని చెబుతున్నారు, ఫ్రేమ్ మీద దెబ్బలు లేవు అని కూడా రాయండి" అని మర్యాదగా అడగండి. గొంతు పెంచొద్దు, కౌంటర్‌లో అబ్బాయి నిర్ణయం తీసుకునేవాడు కాదు, తీసుకునేవాడికి కాగితం పంపేవాడు మాత్రమే. రాయనంటే సంతకం పక్కనే మీ చేత్తో మీరే ఆ రెండు ముక్కలూ రాసి సంతకం పెట్టి, ఫొటో తీసుకోండి. ఇది నేను చేయని పని, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈలోపు మన వీధి మొబైల్ షాపులో గ్లాస్ మార్పించొద్దు. ఒకసారి బయట విప్పితే వారంటీ మాట మర్చిపోవాల్సిందే.

కాదంటే

మొదట ఆ టికెట్ మీదే పై అధికారికి పంపమని అడగండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మిన వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారి వివరాలు వెబ్‌సైట్ అడుగున ఉంటాయి.

అక్కడా కదలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వలేరు, కానీ మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. నా విషయంలో కదలిక వచ్చింది ఇక్కడే, ఫిర్యాదు పెట్టిన ఆరో రోజు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, పైస్థాయిలో మళ్ళీ పరిశీలిస్తామన్నారు.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. నెల్లూరులో ఉంది, ఒంగోలులో ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా సరే. 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. అయితే లోపం తయారీదే అని చూపాల్సిన భారం మన మీదే ఉంటుంది. అవసరమైతే కమిషన్ వస్తువుని ల్యాబ్‌కి పంపిస్తుంది, ఆ ఖర్చు ముందు మనల్నే కట్టమనొచ్చు. 2,000 రూపాయల వాచ్‌కి అంత దూరం వెళ్ళాలా అన్నది మీరే ఆలోచించుకోండి. 30,000 వాచ్ అయితే, ఫ్రేమ్ శుభ్రంగా ఉంటే, నేనైతే వెళ్తాను. కేసుకి ముందు 15 రోజుల గడువిస్తూ ఒక నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి, చాలా కంపెనీలు ఆ దశలోనే దిగొస్తాయి.

వాచ్ తిరిగి చేతికొచ్చాక

డబ్బా విప్పేది కూడా వీడియోలో తీయండి. బల్ల మీద పెట్టి పక్క నుంచి స్క్రీన్ అంచు సమంగా ఉందో చూడండి, నాలుగు మూలలా టచ్ పనిచేస్తుందో, ఛార్జింగ్ ఎక్కుతుందో, గుండె వేగం చూపిస్తుందో పరీక్షించండి. సీరియల్ నెంబర్ మారితే కొత్త నెంబర్‌తో, పాత వారంటీలో మిగిలిన రోజులు దీనికి వర్తిస్తాయని ఒక మెయిల్ అడిగి తెప్పించుకోండి. స్క్రీన్ మాత్రమే మార్చి ఉంటే, నీళ్ళు లోపలికి పోకుండా సీల్ మళ్ళీ పరీక్షించారా అని అడగండి. లేదంటే ఆ వాచ్‌తో స్నానం చేయొద్దు, బీచ్‌లో దిగొద్దు.